“ఎంతవరకు?” అని అడగడం అవిశ్వాసం కాదు

ప్రశ్న: అయ్యా, ప్రభువు నామమున వందనములు. మాది వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక లంక గ్రామం. నా భర్త మూడెకరాల చెరువు కౌలుకు తీసుకొని వనామీ రొయ్య వేసేవారు. 2022 జూలై వరదకు గట్టు తెగి ఒక పంట పోయింది. తరువాత రెండు పంటలు తెల్లమచ్చ తెగులుతో పోయాయి. మేత కొట్టుకు, వడ్డీకి ఇచ్చినవారికి కలిపి తొమ్మిది లక్షల బాకీ ఉంది. పోయిన ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు స్వాధీనం తప్పాయి. నేను లేసు అల్లి, జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతున్నాను. అమ్మాయి నర్సింగు రెండో ఏడాది చదువుతోంది. పై ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు మా ఇంట్లో ప్రార్థన చేసి, మేము ఒప్పుకోని పాపం ఏదో ఉందనీ, మిగిలిన ఒక్క బంగారు గొలుసును దేవునికి విత్తనంగా ఇస్తే విడుదల వస్తుందనీ, నూనె రాసి ప్రార్థించాక మాత్రలు వేసుకోవడం అవిశ్వాసమనీ చెప్పారు. మాత్రలు మానేసి పన్నెండు రోజులైంది. నా భర్త మందిరానికి రావడం మానేశారు. “నేనుండి ఎవరికి ఉపయోగం” అంటున్నారు. నాకు మోకరిస్తే మాట రావడం లేదు. ఒక్కోసారి దేవుని మీదే కోపం వస్తోంది. నా విశ్వాసంలో లోపం ఉందా? ఇంకెంతకాలం ఓర్చుకోవాలి?
ఒక సహోదరి, కోనసీమ

సమాధానం:

సోదరికి వందనములు.

మీ ఉత్తరంలో కొంత భాగమే పైన అచ్చు వేశాను. మీ విశ్వాసంలో లోపం ఉందా అన్నది మీ మొదటి ప్రశ్న, ఇంకెంతకాలం ఓర్చుకోవాలన్నది రెండవది. ఆ రెండింటికీ నాకు తెలిసినంత మేరకు సమాధానం రాస్తాను. కాని మీరు ప్రశ్నగా అడగకుండా, జరిగిపోయిన సంగతిగా ఒక్క వాక్యంలో రాసి దాటిపోయిన విషయం మరొకటి ఉంది. దానిని పక్కన పెట్టి విశ్వాసం గురించి ఎన్ని పేజీలు రాసినా నేను నా బాధ్యత తప్పించుకున్నవాణ్నే అవుతాను. అది మాత్రల సంగతి. ఉత్తరం అందిన రోజునే మీరిచ్చిన ఫోను నంబరుకు ఈ మాట చెప్పాను. అయినా ఇటువంటి సలహా విని మాత్రల డబ్బాను అటక ఎక్కించినవారు మన ప్రాంతంలో మీరొక్కరే కారు కనుక, అందరి కోసం మళ్ళీ రాస్తున్నాను.

నేను వైద్యుణ్ని కాను. ముప్పయ్యేళ్ళు బడిపిల్లలకు పాఠాలు చెప్పి, ఇప్పుడు ఆదివారాలలో సంఘానికి వాక్యం చెప్పుకొనే మనిషిని. అయినా ఇంతమాత్రం సందేహం లేకుండా చెప్పగలను: ఒకసారి పక్షవాతం వచ్చిన మనిషికి రక్తపోటు అదుపు తప్పితే రెండవసారి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. రక్తపోటు ఎంత పెరిగినా చాలాసార్లు ఒంటికి ఏమీ తెలియదు కాబట్టి, పన్నెండు రోజులుగా ఏమీ కాలేదన్నది స్వస్థతకు రుజువు కాదు. ఆయనను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకొని వెళ్ళి బి.పి. చూపించండి, మాత్రలు మానేసిన సంగతి సిగ్గుపడకుండా చెప్పండి, వైద్యుడు చెప్పిన మోతాదులో మళ్ళీ మొదలుపెట్టించండి. ముఖం ఒక పక్కకు వాలినా, చెయ్యి ఎత్తలేకపోయినా, మాట తడబడినా, ప్రార్థన చేయించడానికి మనుషులను పిలిచేలోపు 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది. లంక గ్రామంలో ఉండేవారికి పంటు ఎక్కి నది దాటడానికే అందులో ఎంత పోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

మాత్ర వేసుకోవడం అవిశ్వాసమన్న మాటకు బైబిలులో ఆధారం లేదు. యెషయా గ్రంథము 38వ అధ్యాయములో హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి గోడవైపు తిరిగి కన్నీళ్ళు విడిచి ప్రార్థించినప్పుడు, దేవుడు అతని ఆయుష్షుకు మరి పదిహేను సంవత్సరాలు కలుపుతానని స్వయంగా మాట ఇచ్చాడు. ఇంతకంటె గట్టి వాగ్దానం ఇంకెవరికి దొరుకుతుంది? అయినా అదే అధ్యాయం చివర ప్రవక్త, అంజూరపుపండ్ల ముద్ద తీసుకొని పుండుకు కట్టమన్నాడు. వాగ్దానం ఇచ్చిన దేవుడే కట్టును కూడా చెప్పించాడు. పౌలు వెంట తిరిగిన లూకాను కొలొస్సయుల పత్రిక “ప్రియుడైన వైద్యుడు” అంటుంది. నూనె రాసి ప్రార్థించమన్న యాకోబు పత్రిక 5వ అధ్యాయము, ఆ తరువాత మందు పారేయమని ఎక్కడా అనలేదు. మన డెల్టావాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. ఆర్థర్ కాటన్ దొర భక్తిపరుడైన క్రైస్తవుడని అందరికీ తెలిసినదే. ఈ నేల మీద కరువు చూసి ఆయన ప్రార్థించే ఉంటాడు, కాని ప్రార్థించి ఊరుకోలేదు, 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. దానిని అవిశ్వాసమని ఈ గోదావరి జిల్లాలలో ఇంతవరకూ ఎవరూ అన్నట్టు నేను వినలేదు.

ఇక బంగారు గొలుసు. ఇక్కడ నేను కొంచెం కఠినంగా రాస్తే మన్నించండి. అప్పులపాలైన ఒక విధవరాలి కథ రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములో ఉంది. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవడానికి వచ్చి కూర్చున్నాడు. ఆమె ఎలీషా దగ్గరకు వెళ్ళి మొరపెట్టుకున్నప్పుడు ప్రవక్త “నీ యింటిలో ఏమి యున్నదో” అని అడిగాడు. చూడండి, మీ ఇంటికి వచ్చిన ప్రసంగీకుడు అడిగిన ప్రశ్న కూడా దాదాపు ఇదే. కాని ఎలీషా అడిగినది తాను తీసుకొని పోవడానికి కాదు. ఇంట్లో మిగిలిన ఆ కొంచెం నూనె పాత్రలనిండా పొర్లిన తరువాత, దానిని అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో నీవూ నీ పిల్లలూ బ్రతకండి అని చెప్పి పంపాడు. తన వంతు ఇంత అని ఒక్క గిన్నె కూడా పక్కన పెట్టించుకోలేదు. కష్టంలో ఉన్న ఇంటికి దైవజనుడు వచ్చి వెళ్ళాక ఆ ఇంట్లో ఉన్నది పెరగాలిగాని తరగకూడదు. ఆ గొలుసు మీ అమ్మాయి చదువుకు అక్కరకు రావచ్చు. దానిని ఎవరికీ ఇవ్వకండి.

పాపం ఉందన్న ఆరోపణకు వస్తాను, ఎందుకంటే మిమ్మల్ని లోలోపల తినేస్తున్నది ఇదేనని నాకు అనిపించింది. ఉత్తరంలో మీరు పెళ్ళికి ముందు నుంచీ జరిగినవన్నీ గుర్తు చేసుకొని, ఏ తప్పుకు ఇంత శిక్ష వచ్చిందోనని వెతుక్కుంటున్నట్టు రాశారు. అవి మీ సొంత విషయాలు కనుక ఇక్కడ అచ్చు వేయలేదు. అమ్మా, ఈ లెక్క కొత్తది కాదు. యోబు స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ వేసినది ఈ లెక్కే. వాళ్ళను గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి: వచ్చిన మొదట ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. అంతటితో లేచి ఇంటికి వెళ్ళి ఉంటే ఎంతో మేలు చేసినవాళ్ళయ్యేవారు. నోరు తెరిచాకే పాడు చేశారు. గ్రంథం చివర దేవుడు వాళ్ళతో, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదని చెప్పాడు. పుట్టు గ్రుడ్డివాణ్ని చూసి, ఎవరు పాపం చేసినందుకు వీడు ఇలా పుట్టాడని శిష్యులు అడిగినప్పుడు యేసు ఇచ్చిన జవాబు యోహాను సువార్త 9వ అధ్యాయములో ఉంది: “వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు.” తెల్లమచ్చ తెగులు వైరస్ వల్ల వస్తుంది. అది ఒక చెరువు నుంచి పక్క చెరువుకు నీటి ద్వారా, పీతల ద్వారా పోతుందేగాని, గట్టు మీద ఉన్న రైతు భక్తిని చూసి పోదు. ఆ సంవత్సరం మీ చుట్టూ పోయిన చెరువులలో అన్ని మతాలవాళ్ళవీ ఉన్నాయి గదా.

పాపం లేనివాళ్ళమని నేను అనడం లేదు. మనమందరం రోజూ ఒప్పుకోవలసినవి ఉంటాయి. ఒప్పుకోవడం వేరు, వచ్చిన ప్రతి దెబ్బకూ ఒక తప్పును వెతికి జత చేయడం వేరు.

ఇప్పుడు ఓర్పు సంగతి. మన సంఘాలలో ఈ మాటను ఎంతగా వాడతామంటే, దాని అర్థం ఒక పక్కకు ఒరిగిపోయింది. ఓర్పు గల స్త్రీ అంటే నోరెత్తని స్త్రీ అని, కన్నీళ్ళు కనబడకుండా కొంగుతో తుడుచుకొని సాక్ష్యం చెప్పే స్త్రీ అని అనుకొనే స్థితికి వచ్చాం. మీరు కూడా ఆ అర్థంతోనే అడిగారని నాకు అనుమానం. అందుకే కోపం వచ్చిందని రాసిన వాక్యం పక్కన “క్షమించండి” అని రాసుకున్నారు. కాని బైబిలు ఓర్పుకు మాదిరిగా ఎవరిని చూపిస్తోందో చూడండి. “మీరు యోబు యొక్క సహనమునుగూర్చి వింటిరి” అంటాడు యాకోబు. ఏ యోబు? “యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను” అన్న మొదటి అధ్యాయపు యోబును మాత్రమే మనం గుర్తు పెట్టుకున్నాం, సమాధుల దగ్గర ఆ మాట చదువుతాం. కాని ఆ గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. మూడవ అధ్యాయములోనే అతడు తాను పుట్టిన దినాన్ని శపించాడు. ఆ తరువాత, దేవా నాతో ఎందుకు వ్యాజ్యెమాడుతున్నావని నిలదీశాడు, నన్ను కాసేపైనా విడిచిపెట్టమని బతిమాలాడు, నా మొర ఎవరు వింటారని అరిచాడు. ఇంత మాట్లాడినవాణ్ని పట్టుకొని కొత్త నిబంధన సహనానికి గుర్తుగా నిలబెట్టిందంటే, ఆ సహనం నోరు మూసుకోవడం అయ్యుండదు.

యాకోబు పత్రిక గ్రీకు మూలంలో ఈ చోట రెండు వేర్వేరు మాటలున్నాయి. వానకోసం కనిపెట్టే వ్యవసాయకుని గురించి చెప్పినప్పుడు వాడినది ‘మక్రొథుమియా’కు చెందిన మాట, అంటే తొందరపడి కోపగించుకోకుండా చాలాకాలం ఉండటం. యోబు దగ్గరకు వచ్చేసరికి వాడినది ‘హుపొమొనే’. ఆ మాటను విడదీస్తే కింద నిలిచి ఉండటం అని వస్తుంది, అంటే బరువు మీద పడినా దాని కిందనుంచి తప్పుకొని పారిపోకుండా నిలబడటం. తెలుగు బైబిలు కూడా మొదటిచోట “ఓపిక” అని, రెండవచోట “సహనము” అని వేరు చేసింది. యోబు చేసినది ఈ రెండవది. అతడు దేవుని మీద అరిచాడేగాని దేవుణ్ని వదిలి మరొకరి దగ్గరకు పోలేదు. అతని ఫిర్యాదంతా దేవుని ముఖం ఎదుటనే జరిగింది. మీరు కూడా ఆ కోపాన్ని దేవునికి వ్యతిరేకంగా ఊరివాళ్ళ దగ్గర చెప్పుకోకుండా, ఆయన దగ్గర చెప్పుకోలేక గొంతులో ఆపుకొని ఉన్నారు. మాట రాకపోవడానికి కారణం బహుశా అదే. రావలసిన మాట ఒకటైతే, మనం దానిని ఆపి స్తుతి మాటను బయటికి లాగాలని చూస్తాం, అప్పుడు రెండూ రావు.

ఈ విషయం నేను పుస్తకాలు చదివి నేర్చుకోలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను మన తీరం మీద పడినప్పుడు నేను కోనసీమలోనే ఒక పల్లెబడిలో పనిచేస్తున్నాను. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. తెల్లవారి బయటికి వస్తే, పదిహేనేళ్ళుగా నేను రోజూ నడిచే బాట ఎక్కడుందో నాకే తెలియలేదు. అడ్డంగా పడిన కొబ్బరిచెట్ల మొదళ్ళు తప్ప గుర్తులేవీ మిగలలేదు. మరుసటి ఆదివారం పైకప్పు ఎగిరిపోయిన మందిరంలో కూడుకున్నాం. మా అయ్యగారు ప్రసంగం చేయలేదు. 88వ కీర్తన మొదటి నుంచి చివరి వరకు నెమ్మదిగా చదివి, పుస్తకం మూసి కూర్చున్నారు. మిగతా విలాప కీర్తనలు చాలావరకు ఎక్కడో ఒకచోట నిరీక్షణ వైపు మళ్ళుతాయి, ఇది మళ్ళదు. “చీకటియే నాకు బంధువర్గమాయెను” అని అంతటితో ఆగిపోతుంది. అయ్యగారు కనీసం నాలుగు ధైర్యపు మాటలు చెప్పి ఉండవలసిందని ఆ రోజు నాకు చిరాకు కలిగింది. కాని ఆ మాట దగ్గర ఆగినప్పుడే, అంతవరకూ కొయ్యబారినట్టు కూర్చున్న ఒక తండ్రి మొదటిసారి గట్టిగా ఏడ్చాడు. చీకటితో ముగిసే ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడంటే, అటువంటి ప్రార్థనతో వచ్చినవాణ్ని కూడా ఆయన గుమ్మంలోంచి వెనక్కి పంపడని నాకు అర్థమవడానికి చాలా సంవత్సరాలు పట్టింది.

అదే సంఘంలో ఒక పెద్దావిడ, హబక్కూకు ప్రవక్త ప్రార్థనను తన భాషలోకి తిప్పుకొని, “కొబ్బరిచెట్లు కాయకపోయినను, చేనిలోని పైరు పంటకు రాకపోయినను, సాలలో పశువులు లేకపోయినను నేను యెహోవాయందు ఆనందించెదను” అని ప్రార్థించింది. ప్రవక్త ప్రార్థనలోని అంజూరం, ద్రాక్ష మాటలు ఆమె నోటికి రాలేదు, కొబ్బరి వచ్చింది. ఈ సంగతి నేను చాలాచోట్ల చెప్పాను. కాని చెప్పినప్పుడల్లా ఒక విషయం మరవకుండా కలుపుతాను: ఆమె ఆ ప్రార్థన చేసింది తుపాను మర్నాడు కాదు, ఆ మరుసటి ఏడాది కోతల పండుగలో. మధ్యలో ఏడాదిపాటు ఆమె ఏడ్చింది. మీ దగ్గర ఎవరైనా ఆనందించమని తొందర పెడితే ఆ ఏడాదిని గుర్తు చేసుకోండి.

కనుక దేవుని మీద కోపం పాపమా అన్నదానికి నా జవాబు ఇది. కోపాన్ని ఆయన దగ్గరకే తీసుకొని వెళ్ళండి, పాపమవదు. 150 కీర్తనలలో సుమారు మూడవ వంతు ఇటువంటి మొరలే. దావీదు 13వ కీర్తనలో “యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?” అని మొదలుపెట్టి, ఎంతవరకు, ఎంతవరకు అని ఆపకుండా అడుగుతాడు. మీరు నన్ను అడిగిన ప్రశ్న కూడా ఇదే. పొరపాటున నా చిరునామాకు వచ్చిందేమో. యేసుప్రభువు గెత్సేమనేలో గిన్నె తొలగించమని అడిగాడు. సిలువ మీద “నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి” అన్నాడు. ఆయన విశ్వాసంలో లోపం ఉందని ఏ ప్రసంగీకుడూ అనడు గదా.

మోకరించి మాట రానప్పుడు సొంత మాటల కోసం పెనుగులాడకండి. కొన్నాళ్ళపాటు కీర్తనల మాటలనే మీ మాటలుగా చదవండి; 13, 42, 88, 130 చాలు. చదవడానికి కూడా ఓపిక లేని రాత్రి ఊరికే మోకాళ్ళ మీద ఉండి లేవండి. “ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆ ఆత్మ తానే మన పక్షముగా విజ్ఞాపనము చేయుచున్నాడు” అని రోమా పత్రిక 8వ అధ్యాయములో ఉన్నది ఇటువంటి రాత్రులకే. మీరు లేసు అల్లుతూ కూర్చొనే గంటలు కూడా ఉన్నాయి. చేతులు పనిలో ఉండి మనసు ఖాళీగా ఉండే ఆ వేళ, ఒక్క వాక్యం, “ప్రభువా, కరుణించు” అన్నంత చిన్నది, వరుస వరుసకూ అనుకుంటే అది ప్రార్థన కాదని ఎవరూ అనలేరు.

మీ భర్త గురించి మీరు “విశ్వాసం విడిచిపెట్టారు” అని రాశారు. నాకు అలా అనిపించడం లేదు. పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి దిగులు జబ్బు కూడా వస్తుంది. అది భక్తి తగ్గడం వల్ల వచ్చేది కాదు, మెదడుకు తగిలిన దెబ్బ వల్ల, చెయ్యీ కాలూ పోయిన దుఃఖం వల్ల వస్తుంది, దానికి మందు ఉంది. నిన్నటివరకు చెరువు గట్టు మీద రాత్రంతా, నీటికి గాలి అందించే ఏరియేటర్ల మోతకు మేలుకొని తిరిగిన మనిషి ఇప్పుడు లుంగీ కట్టుకోవడానికి భార్య సాయం అడగవలసి వస్తే, అతడు మందిరంలో నలుగురి ముందుకు రావడానికి జంకడంలో వింత ఏముంది? ఏలీయా అంతటి ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి, “ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము” అన్నాడు. దేవదూత వచ్చి అతనికి గద్దింపు వినిపించలేదు, వాక్యం కూడా చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ లేపి తినమన్నాడు. “నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది” అని అందుకు కారణం కూడా చెప్పాడు. మీ ఇంట్లో ప్రస్తుతం కావలసిన పరిచర్య అదే.

అయితే “నేనుండి ఎవరికి ఉపయోగం” అన్న మాటను తేలికగా తీసుకోకండి. ఆయనను ఒంటరిగా ఎక్కువసేపు వదలకండి, చెరువు మందులు, పురుగు మందులు ఇంట్లో మిగిలి ఉంటే ఈరోజే తీసివేయించండి, బి.పి. చూపించినప్పుడు ఈ మాట కూడా వైద్యునికి చెప్పండి. 14416 అనే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ) నంబరుకు ఫోను చేస్తే ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు. మీకు బరువనిపించినా అదే నంబరు. ఇలా ఫోను చేయడం ప్రార్థనకు పోటీ అని అనుకోవద్దు; అంజూరపుపండ్ల ముద్ద సంగతి పైన రాశాను.

మీ సంఘం గురించి మీరు చెప్పింది చదివి బాధ కలిగింది. పంట బాగా వచ్చిన సంవత్సరాలలో మీ భర్తను కోతల పండుగలో ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించినవారు, ఇప్పుడు ఇంటి వైపు రావడం లేదన్నారు. దీనికి సంఘాన్ని నిందించాలా అంటే, నిందించాలనే అంటాను. సంఘపెద్దలలో ఒకణ్నైన నాకు కూడా ఆ నింద వర్తిస్తుంది. గెలుపు సాక్ష్యాలనే వినడానికి అలవాటు పడిన చెవులకు, ఇంకా ముగియని కష్టం ఎలా వినాలో తెలియదు. అందుకే తప్పించుకొని తిరుగుతారు, దుర్మార్గం వల్ల కాదు. ఇందులో మీరు చేయగలిగినది ఒకటుంది. అందరి ముందూ ప్రార్థన విన్నపంగా చెప్పకుండా, స్త్రీల కూడికలో మీరు నమ్మగల ఇద్దరిని ఎంచుకొని, వాళ్ళకు స్పష్టమైన పని అప్పగించండి: మంగళవారం ఆయనను ఫిజియోథెరపీకి తీసుకొని వెళ్ళడానికి ఒక మనిషి కావాలి, గురువారం సాయంత్రం ఆయన దగ్గర గంటసేపు కూర్చొని కబుర్లు చెప్పడానికి ఒక మగమనిషి కావాలి, అని. ‘మా కోసం ప్రార్థించండి’ అంటే సరేనని మరచిపోయేవాళ్ళు, ‘మంగళవారం పది గంటలకు రండి’ అంటే వస్తారు. వచ్చినవాళ్ళను ఉపదేశం చేయవద్దని ముందే చెప్పండి. బైబిలు ఏడ్చువారితో ఏడవమన్నదిగాని ఏడ్చువారికి పాఠం చెప్పమనలేదు.

అప్పుల గురించి క్లుప్తంగా రాస్తాను, ఇది విశ్వాసానికి సంబంధం లేని విషయమని కాదు, నాకు తెలిసింది తక్కువ కనుక. ఎవరికి ఎంత అసలు, ఎంత వడ్డీ, ఇప్పటికి ఎంత కట్టారు అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం చేయకండి, మీ భర్త చేత వేలిముద్ర వేయించనివ్వకండి. పాత అప్పు తీర్చడానికి అంతకంటె ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు తేకండి. ఇంటికి వచ్చి బెదిరిస్తుంటే న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది, మండల స్థాయిలో కోర్టు ఉన్నచోటే వాళ్ళ కమిటీ కూడా ఉంటుంది. విధవరాలు ఎలీషాను అడిగినట్టు మీరు కూడా నోరు తెరిచి అడగండి. అడగడానికి మొహమాటపడటం మన కోనసీమవాళ్ళకు మర్యాదగా కనిపిస్తుంది, ఈ విషయంలో మాత్రం అది మిమ్మల్ని ముంచుతుంది.

ఇక ఎంతకాలమన్న ప్రశ్న మిగిలింది. దీనికి తేదీ చెప్పగలనన్నవాణ్ని నమ్మకండి. మూడు నెలల్లో విడుదల అనీ, నలభై రోజుల ఉపవాసంతో తలుపు తెరుచుకుంటుందనీ చెప్పేవాళ్ళు ఆ గడువు దాటాక మీ ఇంటికి రారు. యాకోబు చెప్పిన వ్యవసాయకుని మాట నాకు ఇక్కడ సాయపడుతుంది. “తొలకరి వర్షమును కడవరి వర్షమును” సమకూడేవరకు అతడు విలువైన భూఫలం కోసం కనిపెడతాడని రాశాడు. మనకు తొలకరి అంటే జూన్‌లో మృగశిర కార్తె. యూదయ దేశంలో తొలకరి అక్టోబరు, నవంబరు నెలల్లో పడి ఎండిన నేలను దున్నడానికి మెత్తబరుస్తుంది; కడవరి వాన మార్చి, ఏప్రిల్ నెలల్లో పడి గింజ పాలుపోసుకొని గట్టిపడేలా చేస్తుంది. ఆ రెండు వానలకు మధ్య అయిదారు నెలలు. ఆ నెలలన్నీ రైతు చేతులు కట్టుకొని ఆకాశం వైపు చూస్తూ కూర్చోడు. వానను రప్పించడం అతని చేతిలో లేదు; కలుపు తీయడం, కంచె చూసుకోవడం అతని చేతిలోనే ఉన్నాయి. మన కాలువలు వేసవిలో కట్టేసినప్పుడు మన రైతు కూడా అంతే గదా. ధవళేశ్వరంలో నీళ్ళు ఎప్పుడు వదులుతారో అతని చేతిలో ఉండదు, కాని నీళ్ళు వచ్చేసరికి గట్లు వేసి, బోదెల్లో పూడిక తీసి ఉంచుకుంటాడు. వాన మీ చేతిలో లేదు, సోదరీ. పొద్దున వేసే మాత్ర, మంగళవారం ఫిజియోథెరపీ, నోటుపుస్తకంలో లెక్క, రాత్రి ఒక కీర్తన మీ చేతిలో ఉన్నాయి. ఓర్పు అని బైబిలు చెప్పేది ఈ రెండింటినీ కలగలపకుండా ఉండటమేనని ఇన్నేళ్ళకు నాకు తోచింది. ఇంతకంటె బాగా తెలిసినవారు వేరుగా చెబితే నేను వినడానికి సిద్ధమే.

మీ విశ్వాసంలో లోపం ఉందా అన్న మొదటి ప్రశ్నకు నేను వేరే జవాబు రాయలేదని మీరు గమనించి ఉంటారు. మాత్రలు మానిపించిన తరువాత కూడా మీరు రాత్రి లేచి ఆయన ఊపిరి సరిగా ఉందో లేదో చూస్తున్నానని రాశారు. మాట రాకపోయినా మోకరించడం మానలేదని రాశారు. దేవుడు లేడని అనుకున్నవాళ్ళు ఆయన మీద కోపగించుకోరు. వీటిలో లోపం ఎక్కడుందో నాకు కనబడలేదు.

ఫోనులో మాట్లాడిన రోజు మీరు మర్నాడు ఉదయమే పంటు ఎక్కి ఆసుపత్రికి వెళతామన్నారు. వచ్చే ఉత్తరంలో మిగతా సంగతుల కంటె ముందు, బి.పి. ఎంత ఉందో రాయండి.